సరిపడే మనిషి

కులాన్ని గురించి మన పత్రికల్లో వచ్చినన్ని వ్యాసాలు మరి దేన్ని గురించీ వచ్చివుండవు. వాటిలో కొన్ని నేనూ రాశాను. ఆ వ్యాసాలు రాసిన బల్ల ఏ గదిలో వుంది, ఆ గది కిరాయిలో సగం ఎవరు కడుతున్నారు, గదిలో రెండో మంచం మీద పడుకునే మనిషి ఎవరు అనే ప్రశ్న ఎవరైనా వేయగా నేను చూడలేదు. ఈ వ్యాసం ఆ రెండో మంచాన్ని గురించి. ఇంత చిన్న విషయానికి వ్యాసమెందుకని కొందరికి తోచవచ్చు. చదివిన తర్వాత కూడా అలాగే తోస్తే తప్పు నాది.

జహీరాబాదులో రెండు గదులూ, వంటిల్లూ వున్న మేడమీది వాటాలో కిరాయికి వుంటున్నాను. ఊళ్ళో ఇంటికి పంపవలసింది పంపి, ఒక్కణ్ణే కిరాయి కట్టి, నెలకు రెండు పుస్తకాలు కొనుక్కోవటం నా జీతంతో అయ్యే పని కాదు. అందుకని మొదటినుంచీ మరొకరితో కలిసి వుంటూ వచ్చాను. నాతో వుండే అతనికి పోయిన వేసవిలో వేరే జిల్లాలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. కాలేజీ తెరిచిన వారంలో స్టాఫ్ రూములో నలుగురి ఎదుటా అన్నాను: "గదిలోకి ఒక మనిషి కావాలి. సరిపడే మనిషైతే చాలు."

ఈ 'సరిపడే' అన్న మాటను కాస్త విచారించవలసి వుంది.

వెళ్ళిపోయిన అతను నాకు సరిపడినవాడని అందరి అభిప్రాయం, నాదీ అదే. మూడేళ్ళు కలిసి వున్నాం. ఆ మూడేళ్ళలో అతను తిన్న కంచం తిన్న పూటే కడిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కరెంటు బిల్లులో తన వంతు అడిగితే తప్ప ఇచ్చేవాడు కాదు. అడిగితే మొహం ముడుచుకునేవాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫోనులో భక్తిపాటలు పెట్టి తాను మాత్రం మళ్ళీ నిద్రపోయేవాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వుంటే దీపం ఆర్పమనేవాడు. సిగరెట్టు పొగ నాకు పడదు. అతను కాల్చని గంట లేదు. మా రాజకీయాలు తూర్పూ పడమరా. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ వారం రోజులు మాటలుండేవి కావు. ఇన్ని పడకపోయినా అతను సరిపడ్డాడు! ఎందుకు సరిపడ్డాడో నాకు నేను ఎన్నడూ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం రాకపోవటమే అసలు కారణమని ఇప్పుడు తెలుస్తూంది. అతనిదీ నాదీ, ఇంటివాళ్ళు అడిగితే తడుముకోకుండా చెప్పుకోగల కులాలు.

స్టాఫ్ రూములో నేను అన్న మాట విన్నవాళ్ళలో రసాయనశాస్త్రం చెప్పే ఒక గెస్టు లెక్చరర్ వున్నాడు. నాకంటే ఆరేడేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటాడు. పీరియడుకింత అని లెక్కగట్టి ఇచ్చే జీతం. సెలవులొస్తే అదీ లేదు. రోజూ సదాశివపేట నుంచి బస్సులో వస్తాడు. సాయంత్రం నాతో నడుస్తూ, "అన్నా, నేనొస్త మీ రూముకు. బస్సు పైసలతోని సగం కిరాయి ఎల్తది," అన్నాడు. చాలా సంతోషమనిపించింది. అతను చదువుతాడు, మాట్లాడితే పస వుంటుంది, పొగతాగడు, కంచం కడుగుతాడని కూడా అతని టిఫిను డబ్బా చూస్తే తెలుస్తుంది. రమ్మన్నాను.

ఆ రాత్రి కిందికి దిగి ఇంటాయనతో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. పండక్కి పిలిచి భోజనం పెడతాడు. కుర్రవాడి పేరు అడిగాడు, చెప్పాను. ఊరడిగాడు, చెప్పాను. "ఏమోళ్ళు సార్?" అన్నాడు. నాకు తెలుసు, తెలియదన్నాను. ఆయన నవ్వి, "మీకు తెల్వకుంటే నాకు తెల్వదా సార్, పేరు ఇన్నంక? నాకైతే ఏం లేదు. మా అమ్మ ఉన్నది, పూజలు, మడి. పై నుంచి మెట్లు దిగుకుంట ఆమె ముంగటనే పోవాలె గదా. మీకు సరిపడేటోన్ని ఇంకొకన్ని చూసుకోండ్రి," అన్నాడు. 'సరిపడే' అన్న మాట ఆయన నోటినుంచి కూడా వచ్చిందని గమనించండి. నేను దాన్ని ఉదయం వాడాను, ఆయన రాత్రి వాడాడు. ఇద్దరమూ ఒకే అర్థంలో వాడామో లేదో పాఠకులే నిర్ణయించవచ్చు.

నేను ఏమీ అనలేదు. "చూస్తాను అంకుల్," అని పైకి వచ్చేశాను.

మర్నాడు ఆ కుర్రవాడితో, ఇంటాయన బంధువు ఎవరో వస్తున్నాడట, గది ఇప్పట్లో కుదరదు అని చెప్పాను. అతను తలాడించాడు. పది అడుగులు నడిచిన తర్వాత అన్నాడు: "ఆ బంధువు నాకు ఎరికేనన్నా. పోయినేడు ఇంకో ఇంటికాడ గూడ ఆయనే వచ్చిండు."

అదే నెలలో నేను రెండో సంవత్సరం వాళ్ళకు జాషువా గబ్బిలం పాఠం చెబుతున్నాను. 1941లో వచ్చిన ఆ కావ్యంలో కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు గనుక, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో శివుడికి తన మాట చెప్పి పంపుతాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతనికి గబ్బిలమే దొరికిందని, ఆ తేడాలోనే సమాజశాస్త్రమంతా వుందని, బాగానే చెప్పాను. పిల్లలు విన్నారు. గుడి సంగతి చెప్పినవాణ్ణి మెట్ల సంగతి చెప్పలేదు.

ఇందులో ఇంటాయన మీద కోపం తెచ్చుకోవటం తేలిక. మనం చాలాకాలంగా ఆ తేలిక పనే చేస్తున్నాం. అందుకే నేను మరొక పాత సంగతి జ్ఞాపకం చేస్తాను.

1917లో అంబేద్కర్ అమెరికాలోనూ ఇంగ్లండులోనూ చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరాడు. వుండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు చెప్పి ఒక పార్సీ సత్రంలో తలదాచుకున్నాడు. కొద్ది రోజులకు డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఈ కథ మనకందరికీ తెలుసు, సభల్లో చెబుతాం. కర్రల దగ్గర ఆపేస్తాం. ఆయన రాసుకున్న స్మృతుల్లో కథ అక్కడ ఆగదు. కర్రలవాళ్ళు వెళ్ళిన తర్వాత ఆయనకు ఆ ఊళ్ళో వున్న ఇద్దరు మిత్రులు గుర్తుకొచ్చారు, ఒక హిందువు, ఒక క్రైస్తవుడు. హిందూ మిత్రుడు విని చాలా బాధపడ్డాడు, కాని నువ్వు మా ఇంటికి వస్తే నౌకర్లు మానేస్తారన్నాడు. క్రైస్తవ మిత్రుడు తన భార్య మర్నాడు ఊరినుంచి వస్తుంది, ఆమెను అడగాలన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టి క్రైస్తవులైనవాళ్ళు. భర్త ఉదార భావాలవాడే, భార్య మాత్రం పాత ఆచారం వదలలేదు. అంబేద్కర్ కొన్ని గంటలసేపు ఒక పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయాడు.

ఒకరికి నౌకర్లున్నారు, ఇంకొకరికి భార్య వుంది, మా ఇంటాయనకు తల్లి వుంది, నాకు ఇంటాయన వున్నాడు. ప్రతివాడికీ వెనకాల మరొకరుంటారు. తనకు మాత్రం ఏమీ లేదు! కర్రలు పట్టుకున్నవాళ్ళు కనీసం తమ మాట తామే చెప్పారు. మన పాఠకుల్లో కర్రలు పట్టుకునేవాళ్ళు లేరు. ఆ ఇద్దరు మిత్రులు మాత్రం చాలామంది వున్నారు. ఒకడు ఈ వ్యాసం రాస్తున్నాడు.

మిత్రులు కొందరితో ఈ సంగతి చర్చిస్తే మూడు రకాల సమాధానాలు వచ్చాయి.

మొదటిది: ఇల్లు ఇంటివాడిది, ఎవరికిచ్చుకోవాలన్నది అతని ఇష్టం. ఈ వాదం వామపక్ష అధ్యాపకుల నోట వినటం నాకు విచిత్రంగా వుంది. భూమి భూస్వామిది, ఎవరికి కౌలుకివ్వాలన్నది అతని ఇష్టం అంటే వీళ్ళు ఊరుకుంటారా? గేటుకు 'కిరాయికి ఇవ్వబడును' అని బోర్డు వేలాడదీసి నెలనెలా డబ్బు పుచ్చుకుంటున్న క్షణంనుంచి అది ఒక వ్యాపారం. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్నీ చెప్పింది. కిరాయి ఇల్లు ఆ జాబితాలో లేదు. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది. 1955లో వచ్చి, 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకున్న చట్టం, అంటరానితనం కారణంగా ఒక మనిషి ఏ పేటలోనైనా ఇంట్లో నివసించటానికి అడ్డుపడితే నేరమన్నది. కాని చట్టం పట్టుకోవాలంటే ఇంటాయన 'కులం' అనాలి. ఆయన బంధువు వస్తున్నాడంటాడు. రాని బంధువు మీద కేసు ఎవరు పెట్టగలరు? ముస్లిముకు ఇల్లివ్వనంటే ఆ చట్టమైనా వర్తించదు. 2005లో సుప్రీంకోర్టు, ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం తమ మతంవాళ్ళకే సభ్యత్వమిచ్చే నిబంధన పెట్టుకోవచ్చునన్నది. 2021లో కేంద్రప్రభుత్వం రాష్ట్రాలకు పంపిన నమూనా కిరాయి చట్టం, నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదని జాగ్రత్తగా లెక్కకట్టింది. కులమూ మతమూ అడిగి తలుపు మూసేవాణ్ణి గురించి ఏమీ అనలేదు.

రెండో సమాధానం తిండి. వాసన పడదంటారు, నీసు పడదంటారు, పెద్దకూర వండుతారేమోనంటారు. దీన్ని నేను కొట్టిపారేయను. ఒకే వంటింట్లో ఇద్దరు మనుషులు వండుకోవటంలో నిజమైన చిక్కులుంటాయి. నీళ్ళు ఎవరు పట్టాలి, నల్లా వచ్చే వేళకు ఎవరు లేవాలి, ఏ గిన్నె ఎవరిది, దీపం ఎప్పుడు ఆర్పాలి, ఎవరి చుట్టాలు ఎన్ని రోజులుండవచ్చు — ఇవన్నీ మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయాలు. నిజానికి సరిపడటమంటే ఇదే. ఇది కలిసి వున్న తర్వాత జరిగే పని, ముందే మనిషి వంటి మీద రాసివుండే గుణం కాదు. నీసు సంగతి కూడా ఈ జాబితాలోదే, మాట్లాడుకోవచ్చు. కాని మాట్లాడేందుకు ముందు మనిషిని గడప దాటి రానివ్వాలి. నా పాత సహవాసి సిగరెట్టు గురించి మూడేళ్ళు మాట్లాడాను, చివరిదాకా తేలలేదు; అయినా అతన్ని పంపించాలని ఎవరికీ తోచలేదు. రసాయనశాస్త్రం కుర్రవాణ్ణి ఏం తింటావని అడిగినవాళ్ళు లేరు. పేరు చాలింది.

ముస్లిం మిత్రుల పరిస్థితి ఇంకొక రకం. ఈ తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో వుండేది. ఈనాటికీ మా బజారులో ఒక్క బేరం ముగిసేలోపల తెలుగూ, ఉర్దూ, కన్నడమూ, మరాఠీ నాలుగూ వినబడతాయి. మా కాలేజీ ఎదుటి హోటలులో నలుగురం ఒకే బల్ల దగ్గర చాయ్ తాగుతాం. ఒక నోట్లో నాలుగు భాషలు ఇమిడిన ఊళ్ళో ఒక గదిలో ఇద్దరు మనుషులు ఇమడటం కష్టమైపోయింది. ముస్లిం అధ్యాపకుడు ముస్లిం వాడలో, మిగిలినవాళ్ళు వాళ్ళ వాళ్ళ వాడల్లో. అటు ఇంటివాళ్ళలోనూ మావాళ్ళకే ఇస్తామనేవాళ్ళున్నారు; నాకు తెలుసు. కాని బయటికి పొమ్మన్నవాడి తలుపునూ, పోవటానికి మరో చోటు లేనివాడి తలుపునూ ఒక్క తూకంలో తూచటం న్యాయం కాదు. ఇది మా ఊరి విడ్డూరమూ కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ ప్రాంతంలో కిరాయి ఇళ్ళ సంగతి పరిశీలించి 2015లో ప్రకటించిన వ్యాసంలో, దళితులకూ, వాళ్ళకంటే ఎక్కువగా ముస్లిములకూ ఇళ్ళు నిరాకరిస్తున్నారని చూపించారు. ఒంటరిగా వుద్యోగం చేసే అధ్యాపకురాళ్ళకు కులమూ మతమూ తేలిన తర్వాత ఇంకొక పరీక్ష వుంటుంది. ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, పెళ్ళెప్పుడు అనేది. దాన్ని గురించి వాళ్ళే రాస్తే బాగుంటుంది.

మూడో సమాధానం మన సొంతం. ఆర్థిక పునాది మారితే ఇవన్నీ వాటంతటవే పోతాయి, అందాకా ఇటువంటి వ్యక్తిగత విషయాల్లో శక్తి వృథా చేసుకోకూడదన్నారు ఒక పెద్దలు. పునాది మారకపోతే కదా! జహీరాబాదులో పునాది మా కళ్ళెదుటే మారింది. హైవే పక్కన ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చింది. న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం 12 వేల ఎకరాలకు పైగా భూమి లెక్కగట్టారు. ఎద్దులు కట్టేసిన కొట్టాల స్థానంలో మూడంతస్తుల వాటాల ఇళ్ళు లేచాయి. నిన్నటి రైతు ఇవాళ కిరాయిలు వసూలు చేసుకునే ఇంటివాడు. అంటే ఈ కిరాయి ఇల్లనేది మన ఊళ్ళో భూస్వామ్యపు అవశేషం కాదు, కొత్త సరుకు. పోయిన పదిహేనేళ్ళలో పుట్టిన సరుకు. 'ఏమోళ్ళు' అన్న ప్రశ్న దానికి పుట్టుకతోనే వచ్చింది. పెట్టుబడి కులాన్ని ధ్వంసం చేస్తుందని ఎదురుచూస్తున్నవాళ్ళు మా కాలనీలోకి వచ్చి చూడవచ్చు. ధ్వంసం చేయలేదు, కిరాయికి పెట్టుకుంది.

ఆ ఇంటాయనలే బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలకు ఊరి చివర రేకుల గదులు ఇస్తారు. గదికి కాదు, మనిషికింత అని కిరాయి. పగటి షిఫ్టువాడు లేస్తే రాత్రి షిఫ్టువాడు అదే చాప మీద వాలతాడు. అక్కడ కులం అడగరు. దీన్ని చూసి వర్గ ఐక్యత అని పొంగిపోనక్కరలేదు; సరిపడతాడా లేదా అని అడిగించుకునే గౌరవం కూడా ఆ మనుషులకు లేదు, అంతే.

ఇక మన చరిత్ర కొంత. హైదరాబాదు నగరంలో పల్లెల నుంచి వచ్చిన తెలుగు విద్యార్థులకు తలదాచుకునే చోటు లేని రోజుల్లో, 1918లో రెడ్డి హాస్టలు వెలిసింది. దాని మేలు తక్కువది కాదు. తెలంగాణ ప్రజాజీవితంలో తర్వాత పేరు తెచ్చుకున్న పలువురు అక్కడ వుండి చదువుకున్నారు. తర్వాత ఇంకా కులాల పేరిట హాస్టళ్ళు వచ్చాయి. అవసరం అటువంటిది, కాదనను. కాని తెలుగు విద్యార్థి చదువుకోవాలంటే పడుకునే చోటు కులం ద్వారా దొరుకుతుందన్న అలవాటు అక్కడ పడింది, ఇప్పటికీ పోలేదు. ఈనాడు ప్రభుత్వం నడిపే హాస్టళ్ళు కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అని విడివిడిగానే వున్నాయి. ఇతరులకు కొద్ది శాతం చోటున్నా అది పేరుకే. పదేళ్ళు అలా పెరిగిన పిల్లవాణ్ణి కాలేజీలోకి తీసుకుని మనం సమసమాజం మీద వ్యాసం రాయమంటాం. బాగానే రాస్తాడు, మార్కులు వేస్తాం.

2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములనూ, మరో నలుగురు దళిత పరిశోధక విద్యార్థులనూ హాస్టళ్ళ నుంచి వెళ్ళగొడితే వాళ్ళు ఆరుబయట డేరా వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ చనిపోయాడు. ఆ తర్వాత అక్కడికి వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. నినాదాలిచ్చాను. కవిత్వం రాశాను, అచ్చయింది. ఆ రాత్రి నేను తిరిగివెళ్ళి పడుకున్న గదిలో నలుగురం వుండేవాళ్ళం. నలుగురిదీ ఒకే కులం. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకోవటానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

కనుక నేను అనేదేమంటే, వాటాల్లో వుండే అధ్యాపక మిత్రులు తమ రెండో మంచం లెక్క చెప్పాలి. మన సంఘం సభల్లో తీర్మానాలు చదివేముందు ఈ లెక్క చదవాలని ప్రతిపాదిస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. సొంత ఇల్లు కట్టుకుని పై వాటా కిరాయికిచ్చిన పెద్దలు మన సంఘంలోనూ వున్నారు. వాళ్ళ బోర్డు కింద ఏ షరతు వినబడుతుందో వాళ్ళకే బాగా తెలుసు. వ్యాసం వచ్చిన తర్వాత నాతో మాట్లాడటం మానేస్తారు కాబోలు.

నా లెక్క ఇది. ఆగస్టులో ఆ కుర్రవాడికి నిజం చెప్పాను: బంధువు లేడు, నేను అబద్ధమాడాను. ఇంటాయనతో తగవు పెట్టుకుంటాను, నువ్వు వచ్చెయ్యి అన్నాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడు నేనొస్తే, మీ ఇంట్ల ఉన్నట్టా అన్నా, మీ వ్యాసంల ఉన్నట్టా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. "ఆ ముసలామె మెట్ల ముంగట నేను రోజు రెండుసార్లు తల దించుకోని దిగాల్నా, మీ మనసు సాఫ్ కానీకి? వద్దు. ఇల్లు ఎతుకుదాం. ఇద్దరం కలిసి పోదాం, ఎవరేందో ముందుగాల్నే చెప్పుదాం. ఇస్తే ఇయ్యనీ."

ఇంటాయనకు నెల నోటీసు ఇచ్చాను. కారణం కూడా చెప్పాను. బంధువు వస్తున్నాడని చెప్పలేదు. ఆయన నొచ్చుకుని, "మిమ్ముల నేనేమన్నా అన్ననా సార్?" అన్నాడు. అనలేదు నిజమే.

ఆదివారాలు ఇద్దరం తిరుగుతున్నాం. అడిగేదాకా ఆగకుండా అతను తన పేరూ, ఊరూ, కులమూ ముందే చెబుతాడు. మొదటిసారి నాకు చెవులు ఎర్రబడ్డాయి, అతనికి కాదు. ఇప్పటికి నాలుగు ఇళ్ళు చూశాం. మూడింటికి బంధువులు వస్తున్నారు. నాలుగో ఇల్లు రైల్వే స్టేషను వెనక, ఒకటే గది, నీళ్ళు కిందినుంచి మోసుకోవాలి. ఇంటామె ఏం పాఠాలు చెబుతారని మాత్రం అడిగి, కొడుకుతో మాట్లాడి చెబుతాను, వచ్చే ఆదివారం రమ్మన్నది.